ముద్ర చూడందే టైరు ఇవ్వను

జూన్ 4

మావయ్యకి,

ఇది ఫోన్లో చెప్పాల్సిన మాటే. కానీ నీకు ఫోన్ చెయ్యడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ముప్ఫై ఏళ్ళు గాలి మిషను పక్కన కూర్చుని టైర్లు అమ్మిన చెవులు, వాటిని నేనేమీ అనను. పాల వ్యాను రోజూ కిందకి వెళ్తుంది కాబట్టి ఈ ఉత్తరం దాంట్లో వేస్తున్నా.

విషయం టైర్లే. మా ఆరోగ్య కేంద్రం జీపు టైర్లు నాలుగూ గుండు కొట్టించుకున్నట్టు ఉన్నాయి. పోయిన వారం మొదటి వాన ఇలా పడిందో లేదో, మలుపు దగ్గర బండి పక్కకి జారి కాలవలో కూర్చుంది. లోపల నేనూ డ్రైవరూ తప్ప ఎవరూ లేరు కాబట్టి నవ్వుకుంటూ తోసుకున్నాం. ఆ డ్రైవర్ని ఇక్కడ అందరూ నత్త అంటారు, ముల్లు నలభై దాటనివ్వడని. నత్తే జారాడంటే ఇక చూసుకో. వెనక నిండు చూలాలు పడుకుని ఉంటే నవ్వేవాళ్ళం కాదు.

ఈ జీపు పని నీకు తెలుసు కదా. నొప్పులొచ్చిన ఆడవాళ్ళని పైఊరి నుంచి పెద్దాసుపత్రికి దింపుతాం. ముందు గోతుల మట్టి దారి. పిండిమిల్లు దగ్గర తారు మొదలవుతుంది, అక్కణ్ణించి ఆసుపత్రి గేటు దాకా తారే. ఈ బండి రాకముందు వానాకాలం వస్తే, కాన్పు దగ్గరపడ్డవాళ్ళని నెల ముందే దింపేసి ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఉంచేవాళ్ళు. పిల్లలు పైన, తల్లి కింద, మొగుడు ఎక్కడా కాకుండా మధ్యలో. ఇప్పుడు బండి ఆగిందంటే మళ్ళీ ఆ షెడ్డే గతి.

అందుకని నాకు పెద్ద టైర్లు కావాలి. బురదలో బల్లిలా పట్టుకోవాలి, తారు మీద పిల్లిలా నడవాలి. అంతకన్నా ఏమీ అడగను.

ఇక నీ కూతురు, నా మరదలు, మన మొండి. బాగానే ఉంది. పైఊరి బడిలో పాఠాలు మానలేదు. కడుపు బల్లకి తగులుతోందంటే మనిషి వెనక్కి జరగాలి గానీ, తను బల్లనే జరిపించింది. ఆగస్టు మొదట్లో కాన్పని నా లెక్క. ఎప్పుడు దిగేదీ తనే నీకు రాస్తానంది. నన్ను మాత్రం అడక్కు.

అత్తకి నా ముద్దులు, నీకు ఈ పని.

నీ నర్సమ్మ


జూన్ 11

నర్సమ్మా,

నీ ఉత్తరం మీ అత్త పైకి చదివింది. నాకు వినపడక మళ్ళీ నేనే చదువుకున్నా.

బల్లీ పిల్లీ రెండూ ఒకటే బండిలో కావాలంటావు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది. బురద టైరుకి గుబ్బలు పెద్దవిగా ఉండాలి, మధ్యలో సందులు వెడల్పుగా ఉండాలి. బురద ఆ సందుల్లోకి దూరి, చక్రం తిరగ్గానే విదిలించినట్టు రాలిపోవాలి. తారుకి అలా కాదు, ఎంత రబ్బరు నేలకి ఆనితే అంత మంచిది. ఒకదానికి మేలు చేసేది రెండోదానికి కీడు. మధ్యరకాలూ ఉన్నాయి. వాటిలో ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పడానికే దేవుడు నన్ను పుట్టించాడు. ఈ చుట్టుపక్కల నాకన్నా బాగా చెప్పేవాడుంటే తీసుకురా, కొట్టు తాళాలు ఇచ్చేసి ఇంటికెళ్ళి పడుకుంటా.

పెద్ద టైరంటే పెద్దరికం అనుకోకు. మొన్నొక కాంట్రాక్టరు కొత్త బండితో వచ్చి, అన్నిటికన్నా పెద్దవే కావాలని కూర్చున్నాడు. వద్దంటే వినలేదు. ఎక్కించాం. బయటికి తీసి స్టీరింగు తిప్పాడు, టైరు వెళ్ళి మడ్‌గార్డుకి ఆనుకుంది. తిన్నగా పోతే పోతుంది, తిరగమంటే తిరగదు. మా సందు చివర మలుపు తిరగడానికి ఆయన ముందుకీ వెనక్కీ పడ్డ పాట్లు వీధంతా నిలబడి చూసింది.

నా కొట్టు పద్ధతి నీకు తెలుసు. పాత టైరు ముద్ర చూడందే కొత్త టైరు ఇవ్వను. మేనకోడలివైనా అంతే. దీపం మసి నూనెలో కలిపి టైరుకి పట్టించు. నేల మీద మందపాటి కాగితం పరిచి దాని మీద చక్రాన్ని ఒక్క చుట్టు దొర్లించు. ఆ ముద్ర చూస్తే బండి జాతకం చెప్తా. నడుమ అరిగిందంటే గాలి దట్టించి తారు మీద పరిగెత్తించారని. అంచులు చెక్కుకుపోయాయంటే రాళ్ళలో తిరిగిందని. కొనడానికొచ్చినవాళ్ళు దూరాలు పెంచి చెప్తారు, తగ్గించి చెప్తారు. టైరుకి ఆ అవసరం లేదు.

మొండికి చెప్పు, ముందుగదికి రంగు వేయించా. కిటికీ పక్కన మంచం వేయించా. జూలై మొదటి వారానికల్లా దిగాలి. తను రాస్తానన్న ఉత్తరం ఇంకా రాలేదు.

ఉంటా. కొట్టు ముందు ఎవరో హారన్ కొడుతున్నారట, మీ అత్త సైగ చేస్తోంది.

మావయ్య


జూన్ 17

మావయ్యకి,

నీ పద్ధతి పుణ్యమా అని నా తెల్ల యూనిఫారం బొగ్గుల కొట్టులో పనికి వెళ్ళొచ్చినట్టు తయారైంది. ఉతికినా పోలేదు. ముద్ర చుట్టి గొట్టంలో పెట్టి పంపుతున్నా. నత్త సాయం చేస్తానని కూర్చుని కబుర్లు చెప్పాడు తప్ప చెయ్యి మసి చేసుకోలేదు. చక్రం నేనొక్కదాన్నే దొర్లించా.

నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నా. బండిలో నత్త, నేను, పడుకున్న మనిషి, తోడు ఇద్దరు, ఒక ఆక్సిజన్ సిలిండరు. దారిలో మట్టి కన్నా తారే ఎక్కువ. ఈ మాట గుర్తుపెట్టుకో, తారే ఎక్కువ.

ముందుగది రంగు సంగతి మొండికి చెప్పా. "ఏం రంగు?" అని అడిగింది. అంతే. మిగతాది తనే రాస్తుందట. మీ తండ్రీకూతుళ్ళ మధ్య నేను పోస్టుమాను ఉద్యోగం చెయ్యను, నాకున్న ఉద్యోగమే ఎక్కువ.

వానలు గట్టిగానే మొదలయ్యాయి. తొందరగా పంపు.

మసి మొహపు మేనకోడలు


జూన్ 24

నర్సమ్మా,

ముద్ర కొట్టు గోడకి అంటించి, కళ్ళజోడు పెట్టుకుని చూశా. నడుమ గుబ్బలు చెక్కు చెదరలేదు. అంచులు మాత్రం కుక్క కొరికినట్టున్నాయి. ఇలాంటి ముద్ర నేను నిద్రలో కూడా చదవగలను. ఈ బండి రాళ్ళలోనూ మట్టిలోనూ తిరిగింది. తారు మొహం చూసింది బహు తక్కువ.

నువ్వేమో తారే ఎక్కువ అని రెండుసార్లు రాశావు. రెండుసార్లు రాసినప్పుడే అనుమానం వచ్చింది. నేను మేనమామని కాబట్టి తిన్నగా అడుగుతున్నా. వాళ్ళని పెద్దాసుపత్రికి దింపుతున్నావా, లేక పైనే కాన్పులు కానిచ్చేస్తున్నావా? నీ చేతి మీద నీకున్న నమ్మకం నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మా ఇంట్లో కుక్కపిల్లకి కట్టు కట్టినదానివి. కానీ మనుషుల విషయంలో అంత నమ్మకం పనికిరాదమ్మా.

నీ మాట పక్కన పెట్టి ముద్ర ప్రకారమే ఇస్తున్నా. అచ్చమైన బురద టైర్లు. నీ జీపుకి మడ్‌గార్డు తగలకుండా పట్టేవాటిల్లో అన్నిటికన్నా పెద్దవి. స్టెప్నీతో కలిపి ఐదు. లారీలో పిండిమిల్లుకి వేయించా. పంపేముందు నా జీపుకి ఎక్కించి, ఊరవతల బురదలోనూ మన రోడ్డు మీదా నేనే తిప్పి చూశా. బురదలో ఏనుగే. రోడ్డు మీద ఏ గోలా లేదు, హాయిగా పోయింది.

జూలై వస్తోంది. మొండిని ఆ కొత్త టైర్ల మీదే దింపు.

మావయ్య


జూలై 9

మావయ్యకి,

ముందు మంచిమాట చెప్తా, తర్వాత పోట్లాడతా.

బురదలో నీ టైర్లకి వంక పెట్టడానికి లేదు. మొదటి వానకి బండి కూర్చుండిపోయిన కాలవ మలుపులో నత్త ఒక్కసారి కూడా ఆగలేదు. ఎక్కింది, దిగింది, పోయింది. మంచిమాట అయిపోయింది.

పోయిన శుక్రవారం మేకలు కాచే ఆయన భార్యని దింపాం. మొదటి కాన్పు. మట్టి దారిలో కుదుపులకి నాకు ఏమీ వినపడదు, అది ఎప్పుడూ ఉన్నదే. తారు ఎక్కాక కడుపు మీద పొడుగు రబ్బరు గొట్టం ఆనించి బిడ్డ గుండె వింటాను. అది మందగిస్తే అమ్మని పక్కకి తిప్పాలి, ఆక్సిజన్ పెట్టాలి, నత్తని నత్త నడక మానమనాలి. ఆ దారంతా నాకున్న ఆధారం ఆ చప్పుడొక్కటే. మావయ్యా, తారు ఎక్కగానే నీ టైర్లు ఒక హోరు మొదలుపెట్టాయి. వంద తేనెటీగల పెట్టెలు బండి కింద కట్టినట్టు. గొట్టం ఆనించాను. హోరు. చోటు మార్చాను. హోరే. ఆ పిల్ల నా మొహం చూస్తూ "ఉందా అక్కా?" అంటుంది. ఉందని ఎలా చెప్పను, లేదని ఎలా చెప్పను. బండి ఆపించి విన్నాను. మళ్ళీ బయల్దేరాం, మళ్ళీ ఆపించాను. నొప్పులు పడుతున్న మనిషిని రోడ్డు పక్కన పెట్టుకుని ఆగుతూ ఆగుతూ వెళ్ళాం.

అది చాలదన్నట్టు, తడి తారు మీద ఎదురుగా లారీ ఆగితే నత్త బ్రేకు వేశాడు. బండి ఆగాల్సిన చోట ఆగలేదు. లారీ తలుపు మీద రాసిన అక్షరాలు చదవగలిగేంత దగ్గరికి వెళ్ళి ఆగింది. ఇంకోటి, కిలోమీటరు రాళ్ళు లెక్కపెడితే తెలిసింది, టైరు పెద్దదయ్యేసరికి ముల్లు నలభై చూపిస్తున్నా బండి అంతకన్నా జోరుగా పోతోందట. అది తెలిసినప్పట్నుంచీ నత్త బెంగపెట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి హద్దు దాటానని ఎవరితోనూ మాట్లాడట్లేదు.

తల్లీ బిడ్డా క్షేమం. అది మా అదృష్టం, నీ టైర్ల గొప్ప కాదు.

ఇక నువ్వు అడిగిన ప్రశ్న. పైనే కానిచ్చేస్తున్నావా అని అడిగావు. ఆ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. నేను దింపిన ప్రతి మనిషీ ఆసుపత్రి గేటు దాటే లోపలికి వెళ్ళింది. కాగితం మీద మసి చూసి నన్ను అంత మాట అనేశావు.

ఇంకా ఉంది. నేను చెప్పకూడదని ఒట్టు పెట్టించుకుంది, ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నా. మొండి ముందుగా దిగదు. ముందుగదిలోకి రాదు. నొప్పులొచ్చాకే, అందరిలాగే, ఈ జీపులో దిగుతుంది. మేకలాయన భార్యకి, ఇంకా నలుగురికి, "షెడ్డుకి వెళ్ళక్కర్లేదు, బండిని నమ్మండి" అని ఇంటింటికీ తిరిగి నచ్చచెప్పింది తనే. ఇప్పుడు తను నెల ముందే దిగిపోతే, పంతులమ్మకే నమ్మకం లేని బండి మాకెందుకంటారు. అదీ తన మాట. నా మాట కూడా విను. ఈ టైర్ల మీద నేను తనని దింపను.

కోపంగా,
నర్సు


జూలై 14

నర్సుకి,

కూతురు నెలలు నిండుతూ కొండ మీద కూర్చుంటే తండ్రికి అందరికన్నా చివర తెలియాలా? మీరిద్దరూ ఒకటై నన్ను రంగులు వేయించే పనిలో పెట్టారు. ఈ ఉత్తరం అందిన రోజే తనని దింపు. జీపు వద్దంటే పాల వ్యానులో దింపు.

టైర్ల తప్పేమీ లేదు. ముద్ర చూశా, ముద్ర ప్రకారం ఇచ్చా. నేను చదివిన ముద్ర ఇంతవరకూ తప్పలేదు. నువ్వేదో హోరు అంటున్నావు. నేను స్వయంగా నడిపి చూశానని రాశాను కదా. నాకు ఏ హోరూ వినపడలేదు.

పైవాక్యం రాసి మీ అత్తకి చూపించా. ఆవిడ పలక తీసుకుని పెద్ద అక్షరాలతో రాసింది: "ఆ రోజు మన వీధిలో కుక్కలన్నీ మీ బండి వెంటపడ్డాయి." అది రాసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇప్పటికీ నవ్వుతూనే ఉందని భుజాలు చూస్తే తెలుస్తోంది.

నీ ఉత్తరం మళ్ళీ చదివా. పూర్తిగా చదివా. ఒక ప్రశ్న. నువ్వు పంపిన ఆ ముద్ర ఏ చక్రానిది?

మావయ్య


జూలై 19

మావయ్యకి,

స్టెప్నీది.

నవ్వకు. తిట్టినా ఫరవాలేదు గానీ నవ్వకు. ఆ రోజు వాన, బండి కింద మోకాల్లోతు బురద. జాకీ పెట్టి చక్రం విప్పడం నా వల్ల కాలేదు. వెనక తలుపుకి తగిలించిన చక్రం చేతికి అందుతోంది కదా అని దాన్నే దింపి దొర్లించా. ఒకే బండి, ఒకే రకం చక్రాలు, నాలుగోదైతేనేం ఐదోదైతేనేం అనుకున్నా. నీ ప్రశ్న చదివి నత్తని అడిగితే అప్పుడు చెప్పాడు. ఈ జీపు మాకు రాకముందు రాళ్ళ క్వారీలో తిరిగిందట. ఆ స్టెప్నీ అప్పటిది. తారు మీద తిరిగిన పాపాన పోలేదు. పక్కింటాయన నాడి చూసి పేషెంటుకి మందిచ్చినట్టయింది నా పని. నా దగ్గరకొచ్చే వాళ్ళు ఇలా చేస్తే నేను ఊరుకుంటానా.

నా మాట నమ్మి ఉంటే ఇదంతా ఉండేది కాదు, అది నీ వాటా. తప్పు ముద్ర పంపాను, అది నా వాటా. కుక్కల సంగతి అత్త వాటా, ఆవిడకి ముందే తెలుసు.

తీసేసిన పాత టైర్లు నాలుగూ ఇక్కడే మా జీపు షెడ్డులో ఉన్నాయి. ఈసారి నత్త చొక్కా విప్పి మరీ పనిలోకి దిగాడు. నాలుగు ముద్రలూ పంపుతున్నా. ఏది ముందు, ఏది వెనక, ఏది ఎడమ, ఏది కుడి, అన్నీ రాశా.

నీ హుకుం మొండికి చదివి వినిపించా. పాల వ్యాను మాట వచ్చినచోట నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. "నాన్నని రంగుల పనిలో పెట్టాలని కాదు వదినా, చెప్తే వచ్చి ఎత్తుకెళ్ళిపోతాడని భయం" అంది. తనకి భయం లేదని అనుకోకు. కడుపు మీద చెయ్యేసుకుని కిటికీలోంచి ఆ దారి వంక చూస్తూ కూర్చోవడం నేను చూస్తున్నా. భయం ఉంది, దిగనని పట్టూ ఉంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే వంశం మీది. నీ కూతురని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

కాన్పుకి ఇంక ఎక్కువ రోజుల్లేవు. బల్లీ పిల్లీ కలిసిన టైరు ఉందంటే పంపు. లేదంటే లేదని రాయి, నేనే దండం పెట్టి ఆసుపత్రి షెడ్డుకి దింపుతా. అప్పుడు తనతో పాటు అందర్నీ దింపాల్సి వస్తుంది.

నీ మేనకోడలు


జూలై 29

నర్సమ్మా,

నాలుగు ముద్రలూ గోడకి ఎక్కించా. నాలుగింటికీ నడుమ అరిగిపోయి నున్నగా ఉంది. తారు, తారు, ఇంకా తారు. వెనక ఎడమది కాస్త ఎక్కువ అరిగింది, సిలిండరు ఆ పక్కనే కడుతున్నారని పందెం. నిన్ను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. నువ్వు దింపిన వాళ్ళందరూ ఈ ముద్రల్లోనే ఉన్నారు.

ఇక పని ఎలా చేశానో చెప్తా, విను. మధ్యరకం టైర్లు నా దగ్గర మూడు కంపెనీలవి ఉన్నాయి. బురద పట్టు, తడి బ్రేకు, ఈ రెండూ నేను చూసుకోగలను. ఇటుకబట్టీ వెనక బురదలో దిగి చూశా, నీళ్ళు కొట్టించిన తారు మీద బ్రేకు వేసి చూశా. మరి చప్పుడు? నా చెవులకి అన్ని టైర్లూ పతివ్రతలే. అందుకని మీ అత్తని జీపు వెనక పరుపేసి పడుకోబెట్టా. కడుపు మీద దిండు పెట్టా, నీ లెక్క తప్పకూడదని. ఆ దిండు కింద అలారం గడియారం. గొట్టం బదులు పొడవాటి కాగితం చుట్టి చెవికి ఆనించుకోమన్నా. టిక్కుటిక్కు వినపడితే చెయ్యెత్తాలి, వినపడకపోతే దించాలి. నేను అద్దంలో చూస్తూ నడిపా.

మొదటి రకానికి చెయ్యి లేవనేలేదు. రెండోది నెమ్మదిగా పోతే లేచింది, కాస్త జోరు పెంచగానే పడిపోయింది. మూడోది ఎక్కించి బయల్దేరాం. కాసేపు చెయ్యి పైకే ఉంది. తర్వాత అద్దంలో చూస్తే చెయ్యి లేదు. సరే ఇదీ పోయిందనుకుని బండి ఆపి వెనక్కి వెళ్ళి చూద్దును కదా, గడియారం కౌగిలించుకుని నిద్రపోతోంది. అదే టైరు అని ఖాయం చేశా.

దాని గుణం చెప్తా. గుబ్బలు ఉన్నాయి, కానీ దగ్గర దగ్గరగా. అన్నీ ఒకే కొలత కాదు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, చప్పుడు ఒకటై హోరెత్తకుండా అలా చెదరగొట్టారు. ప్రతి గుబ్బ మీదా సన్నటి గాట్లున్నాయి, తడి తారుని పట్టుకునేది అవే. అంచు సందులు మాత్రం వెడల్పు, బురద అక్కణ్ణించి రాలిపోతుంది. బురదలో మొదటి టైర్లంత ఏనుగు కాదు, దున్నపోతు. నీకు దున్నపోతు చాలు. పెద్దదే, కానీ కిందటిసారి దానికన్నా ఒక సైజు తక్కువ. ముల్లు తేడా పెద్దగా ఉండదని నత్తకి చెప్పు, బెంగ తీరుతుంది.

మట్టి దారిలో గాలి కాస్త తగ్గించాలి, టైరు పరుచుకుని పట్టుకుంటుంది. పిండిమిల్లు దగ్గర మళ్ళీ నింపాలి. దానికి మోటారు పంపు కూడా పెట్టా, బ్యాటరీకి తగిలిస్తే పని చేస్తుంది. నింపే సమయం పోతోందని మానెయ్యకండి. ఆ సమయంలో నువ్వు గుండె విను.

ఆ బురద టైర్లు వెనక్కి పంపించు. ఇటుకబట్టీ వాళ్ళకి ఇస్తా, వాళ్ళకి తారుతో పని లేదు. మేకలాయన భార్యకి ఒక టైరు, నా కూతురికి ఒక టైరు అని ఉండదు నా కొట్లో. నీ ఉత్తరంలో ఆ పిల్ల "ఉందా అక్కా" అన్నదాన్ని నేను మర్చిపోలేకపోతున్నా.

నేనూ లారీతో వద్దామని చొక్కా వేసుకున్నా. మళ్ళీ విప్పేశా. నేనొస్తే మొండి నన్ను చూసి దిగుతుంది. టైర్లని చూసి దిగాలి. అప్పుడే మిగతావాళ్ళూ నమ్ముతారు. తనకి ఇలా చెప్పు: నాన్న రమ్మనట్లేదు, టైర్లు పంపిస్తున్నాడు. ముందుగది ఎక్కడికీ పోదు.

భయంగానే ఉంది. టైరు మీద నమ్మకం ఉంది, అయినా భయంగానే ఉంది.

మావయ్య


ఆగస్టు 9

మావయ్యకి,

కూర్చుని చదువు.

టైర్లు వచ్చిన రెండో రోజుకే పని పడింది. తెల్లవారుజామున నీ అల్లుడు గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. బయట కుండపోత. నత్త గాలి తగ్గించి బండి తీశాడు. మొండిని ఎక్కిస్తుంటే మేకలాయన భార్య బిడ్డని చంకనేసుకుని వచ్చి, వాన్లో నిలబడి చూస్తోంది. ఇంకా చాలామంది గుమ్మాల్లో ఉన్నారు. మొండే అద్దం దించి, "ఇవాళ బడికి సెలవు, రేపు పెద్దక్లాసు వాళ్ళచేత చిన్నక్లాసు వాళ్ళకి ఎక్కాలు చెప్పించండి" అంది. నొప్పుల్లో ఉన్న మనిషి.

కాలవ మలుపు దగ్గర ఒక్కసారి చక్రం ఊరికే తిరిగింది. తర్వాత పట్టుకుంది. నీ దున్నపోతు నెమ్మదిగా, ఎవరి మాటా వినకుండా ఎక్కేసింది.

పిండిమిల్లు దగ్గర నత్త గాలి నింపుతుంటే విన్నాను, బాగుంది. తారు ఎక్కాం. గొట్టం ఆనించాను. మావయ్యా, వినపడింది. బండి పోతూనే ఉంది, నాకు వినపడుతూనే ఉంది. ఆపమనలేదు. మొండి "ఉందా?" అని అడిగింది. ఉందని చెప్పకుండా గొట్టం తన చెవికే పెట్టాను. అది వింటూ పళ్ళు బిగించుకుని నొప్పి ఓర్చుకుంది.

సగం దారిలో చప్పుడు మందగించింది. తనని ఎడమ పక్కకి తిప్పి, ఆక్సిజన్ పెట్టి, "పోనీ" అన్నాను నత్తతో. ఆయన పోనిచ్చాడు. ముల్లు అరవై మీద నిలబెట్టాడు, మావయ్యా, నత్త. చప్పుడు మళ్ళీ తేరుకునేదాకా చెవిలోంచి గొట్టం తియ్యలేదు. వినపడకపోయి ఉంటే ఆ మందగింపు నాకు తెలిసేదే కాదు.

ఆసుపత్రి దగ్గర్లో రోడ్డుకి అడ్డంగా ఒక ఎద్దు నిలబడింది. తడి తారు. నత్త బ్రేకు వేశాడు. బండి తిన్నగా ఆగింది. ఎద్దు మా వంక చూసి తన దారిన తను పోయింది.

ఆడపిల్ల. తల్లీ కూతురూ బాగున్నారు. బొడ్డుతాడు మెడకి చుట్టుకుందట, డాక్టరు సరైన సమయానికి తెచ్చారన్నారు. పుట్టిన కాసేపటికే పిడికిలి బిగించి పడుకుంది, విప్పుదామంటే విప్పనివ్వలేదు. మొండి దాన్ని చూసి, "ఇదీ నాన్న పోలికే" అని ఏడ్చింది. ఎన్నాళ్ళుగానో దాచుకున్న ఏడుపు.

పైఊళ్ళో ఇంకో ఇద్దరు షెడ్డుకి వెళ్ళేది లేదని చెప్పేశారు. బండికే వస్తారట.

ముద్ర చూడందే నువ్వు ఏదీ నమ్మవు కదా. దీంతో పాటు చిన్న కాగితం పెడుతున్నా. డాక్టరు తిట్టాడు గానీ, ఆసుపత్రి సిరానే వాడానులే, మసి కాదు.

నీ నర్సమ్మ


ఆగస్టు 14

నర్సమ్మా,

ముద్ర అందింది. గోడ మీద ఆ నాలుగు టైర్ల పక్కన అంటించా. కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ కర్ర పెట్టి చూపిస్తున్నా. అరుగుదల ఎక్కడా లేదు. ఐదు వేళ్ళూ ఉన్నాయి. మడమ బలంగా ఉంది, నడిచేటప్పుడు ఎవరి మాటా వినదు.

కానీ ఒకటే కాలి ముద్ర పంపావు. ఎడమో కుడో కూడా రాయలేదు. నువ్వు పంపిన ఒక్క ముద్ర నమ్మి ఒకసారి బుద్ధి తెచ్చుకున్నా. మళ్ళీ అలా మోసపోను, నేనే వచ్చి రెండు పాదాలూ చూస్తా. మీ అత్త సంచి సర్దేసింది. అలారం గడియారం కూడా పెట్టింది, ఎందుకో నాకు చెప్పలేదు.

ఆదివారానికి తల్లీ పిల్లా పైఊరు చేరి ఉంటారు కాబట్టి, ఆ రోజు పిండిమిల్లు దగ్గర బస్సు దిగుతాం. నత్తని జీపు తెమ్మను. వాళ్ళని ముందుగదికి తీసుకొచ్చేటప్పుడు ఆ తారు మీద నేను వెనక కూర్చుంటా, పిల్లని నా ఒళ్ళో పెట్టండి. గొట్టం నాకెందుకు. దాని వీపు నా అరచేతిలో ఉంటే చాలు, అక్కడ నాకు బాగానే వినపడుతుంది.

మావయ్య